పక్క సీట్లో భూతకాలం

తేదీ పద్నాలుగు, ఆదివారం
మధ్యాహ్నం, భోజనాలయ్యాక

మహాఘనత వహించిన అక్కగారి సముఖానికి,

నీ తోడబుట్టినవాడు, ఇంగ్లీషులో పట్టా పుచ్చుకుని ఏడాది తిరిగినా ఏ పనిలోనూ కుదురుకోని పండితుడు, వెన్ను నొప్పి రానంతవరకూ వినయంగా ఒంగి రాసుకునేది ఏమనగా: ఇక్కడ అందరం క్షేమం, నాన్న కుడి మోకాలు మినహా. ఈ ఉత్తరం దాని గురించే. అక్కడ నువ్వూ బావగారూ క్షేమమనే తలుస్తున్నాను. కాకపోతే ఈపాటికి నువ్వే ఫోన్ చేసి నన్ను తిట్టి ఉండేదానివి.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చుగా, ఉత్తరమేమిట్రా పాతకాలం వాడిలా అంటావేమో. మన ఇంట్లో ఫోన్ అంటే ఏమిటో అప్పుడే మరిచిపోయావా? బల్ల మీద పెట్టి, స్పీకర్ నొక్కి, ముగ్గురం ఒక్కసారే మాట్లాడి, ఎవరి మాటా ఎవరికీ వినపడకుండా ముగించే మహాసభ. నేను చెప్పబోయేది ఆ సభలో పెట్టే విషయం కాదు. చదివి దాచుకో. బావగారికి చెప్పకుండా ఉండలేవని తెలుసు, చెప్పుకో. ఆయన కడుపులో మాట కడుపులోనే ఉంటుంది. నీ సంగతి వేరు.

నాన్న గురించి నీకు పరిచయం అక్కర్లేదు కానీ, ఉత్తరమన్నాక ఒక పద్ధతుండాలి కాబట్టి రాస్తున్నాను. మన నాన్న డ్రైవింగ్ స్కూల్ మాస్టారు. నేర్చుకునేవాడు స్టీరింగ్ ముందు, ఆయన పక్క సీట్లో, ఆయన కాలి కింద రెండో బ్రేకు. మన ఊళ్ళో బండి నడిపేవాళ్ళలో సగం మంది ఆ బ్రేకు పుణ్యాన బతికి బట్టకట్టినవాళ్ళే. చిక్కేమిటంటే ఆయనకి బ్రేకు లేనిచోట కూడా తొక్కడం అలవాటైపోయింది. నేను ఇంకో డిగ్రీ చదువుతానన్నప్పుడు తొక్కారు. నువ్వు బావగారి పేరు మొదటిసారి ఎత్తిన రోజు గుర్తుందా? సోఫాలో కూర్చున్నవారు కూర్చున్నట్టే కుడికాలు బిగబట్టి తొక్కితే కాలి కింద చాప జారి టీవీ బల్ల దాకా పోయింది. తర్వాత మెల్లగా కాలు తీశారనుకో, అది వేరే సంగతి.

మొత్తానికి ఇన్నేళ్ళు తొక్కీ తొక్కీ ఆ మోకాలు అరిగింది. డాక్టరమ్మ చూసి, ఇంక ఆ సీటు మానెయ్యండి, లేకపోతే కర్ర పట్టుకుని నడవాల్సి వస్తుంది అని చెప్పేసింది. నాన్న ఇంటికొచ్చారు. ఆ సాయంత్రం వాకిట్లో ఆగి ఉన్న, అమ్మ దుకాణాలకి బ్రెడ్డు వేసే వ్యానెక్కి, పక్క సీట్లో ఒక్కరే చాలాసేపు కూర్చున్నారు. కిటికీలోంచి చూసి నేను వేళాకోళం చేద్దామని నోరు తెరిచి, మూసేశాను. నేను నోరు మూసుకున్నానంటేనే పరిస్థితి ఎంత విషమమో నీకు అర్థమవ్వాలి.

ఒక్క దారి మిగిలింది. స్కూలుకి కొత్త యజమానురాలు వచ్చింది కదా, ఆవిడ పెద్ద మాస్టారు పోస్టొకటి పెట్టింది. మైదానంలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి, నేర్చుకున్నవాళ్ళు బండి తిప్పుతుంటే చూడాలి, ఎవరు లైసెన్సు పరీక్షకి రెడీ, ఎవరు కాదు అన్నది తేల్చాలి. అంతే. బ్రేకు లేదు, మోకాలికి పని లేదు. ఆ పోస్టు వస్తే నాన్న స్కూల్లో ఉంటారు, రాకపోతే ఇంట్లో ఉంటారు. ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో వారం రోజులు రుచి చూశాం. అమ్మ కూర కలుపుతుంటే వెనక నిలబడి, స్లో, స్లో, ఇప్పుడు కొంచెం లెఫ్ట్ అన్నారు. గరిటె గాల్లోకి లేచింది. నేను మధ్యలో పడ్డాను.

అయితే ఆ పోస్టుకి ఇంటర్వ్యూ ఇంగ్లీషులో. ఇప్పుడు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు తలో చోటి నుంచీ వస్తున్నారు, అందరికీ కలిసే భాష అదొక్కటే అని ఆవిడ వాదన. అడిగేవన్నీ జరిగిపోయిన సంగతులేనట. ఫలానా ప్రమాదం ఎలా తప్పించారు, ఫలానా వాడికి ఎలా నేర్పారు, అప్పుడు మీరేం చేశారు. మన నాన్న ఇంగ్లీషు నువ్వెరిగిందే. క్లచ్, స్లో, లెఫ్ట్, నో నో నో. రాబోయే మలుపు గురించి ఆయనకి ఎంతైనా వచ్చు. అయిపోయిన మలుపు గురించి ఒక్క ముక్క రాదు. టూకీగా చెప్పాలంటే, నాన్న ఇంగ్లీషులో భూతకాలం లేదు.

ఒరేయ్, నీ చదువు ఇంటికి పనికొచ్చే రోజొచ్చింది అని నువ్వే కదా ఫోన్‌లో ఆజ్ఞాపించావు. శిరసావహించాను. కానీ ఉచితంగా కాదు. నేను నాన్నకి భూతకాలం నేర్పాలి, బదులుగా నాన్న నన్ను మళ్ళీ లైసెన్సు పరీక్షకి పంపాలి. పోయినసారి నేను పరీక్షలో చెత్తకుండీని పలకరించిన దగ్గర్నుంచీ, ఎప్పుడడిగినా, నువ్వింకా రెడీ కాలేదురా అనే ఒక్క మాటే కదా. సరేనన్నారు. అన్నారే గానీ, కాలు నేలకేసి నొక్కుతూ అన్నారు.

మొదటి పాఠం చెబుతాను విను. ఏదైనా ప్రమాదం తప్పిన సంగతి చెప్పండి అన్నాను. నాన్న సోఫా అంచుకి జరిగి మొదలుపెట్టారు. ఐ యామ్ గోయింగ్. లారీ ఈజ్ కమింగ్. బాయ్ ఈజ్ నాట్ సీయింగ్. నేను ఆపి, ఆ లారీ వచ్చి ఎన్నాళ్ళయింది నాన్నా అన్నాను. పదేళ్ళు దాటింది అన్నారు. మరి ఇంకా ఈజ్ కమింగ్ ఏమిటి, వచ్చేసింది, వెళ్ళిపోయింది, అది కేమ్ అన్నాను. మళ్ళీ చెప్పారు. లారీ ఈజ్ కమింగ్. వంటింట్లోంచి అమ్మ, పదేళ్ళబట్టీ వస్తూనే ఉందా, దారిలో పంక్చరయిందేమో ఎవరైనా వెళ్ళి చూడండి అంది.

మనమూ కథ చెప్పేటప్పుడు అంతే కదక్కా. నేను వెళ్తున్నానా, వాడు ఎదురొస్తున్నాడా అంటూ పోయిన వారం సంగతిని కూడా కళ్ళముందు నడిపిస్తాం. అందుకని పుస్తకం పక్కన పడేసి ఆయన భాషలోకి దిగాను. నాన్నా, ముందు అద్దంలో కనిపించేది రోడ్డు, వెనకద్దంలో కనిపించేది భూతకాలం. అది ఉంది, కనిపిస్తోంది, కానీ బండి దాన్ని దాటేసింది. నిన్న, పోయిన వారం, పదేళ్ళ కిందట, ఎప్పుడో ఒకప్పుడు జరిగి అక్కడే ఆగిపోయినదేదైనా సరే, వెనకద్దంలో చూసి చెప్పండి అన్నాను. నాన్న, అద్దం ఎంతసేపు చూడాలి, ఎక్కువ చూస్తే ముందున్నవాడిని గుద్దుతాం అన్నారు. ఆయనకి నేర్పడం కష్టమే కానీ, ఆయనతో విసుగు మాత్రం రాదు.

తర్వాత ఈడీ. మామూలు మాటలకి వెనక ఈడీ తగిలిస్తే చాలు, ట్రైలర్ తగిలించినట్టు అన్నాను. సంబరపడిపోయారు. దొరికిన ప్రతిదానికీ తగిలించారు. ఐ గోడ్. ఐ డ్రైవ్‌డ్. ఐ టీచ్‌డ్. కొన్ని బళ్ళకి ట్రైలర్ పట్టదు నాన్నా, గో అయితే వెంట్, డ్రైవ్ అయితే డ్రోవ్, టీచ్ అయితే టాట్ అని చెబితే, ఎవడు పెట్టాడ్రా ఈ రూలు, టీచ్‌డ్ అంటే అర్థం కాని మనిషెవడో చూపించు అని నన్ను నిలదీశారు. రోడ్డు మీద ఈగ కూడా లేకపోయినా ఎర్ర లైటు దగ్గర ఆగమంటారు కదా మీరు అన్నాను. ఆయన టాట్, టాట్ అని గొణుక్కుంటూ స్నానానికి పోయారు.

అన్నిటికన్నా పేచీ పెట్టింది స్టాప్. చూడ్డానికి ఈడీయే ఉంటుంది కానీ నోట్లో స్టాప్ట్ అని ట్ మీద ఆగాలి. నాన్న నాలుక మీద అది ఎన్నిసార్లు పెట్టినా స్టాపెడ్ అనే దిగింది. బండిని ఆపడమే వృత్తిగా బతికిన మనిషికి ఆ ఒక్క మాట దగ్గర బ్రేకు పడలేదు. పోనీ వదిలేశాను.

డిడ్ మాత్రం ఆయన ఇట్టే పట్టేశారు. ఐ డిడ్ నాట్ వెంట్ అంటుంటే నేను చెప్పాను. నాన్నా, డిడ్ అంటే పక్క సీట్లో మీరు. మీరు బ్రేకు తొక్కేశాక నేర్చుకునేవాడు మళ్ళీ తొక్కాలా? అక్కర్లేదు. భూతకాలమంతా డిడ్ ఒక్కటే తొక్కేస్తుంది. పక్కనున్న మాట కాలు తీసేసి మామూలుగా కూర్చోవచ్చు. డిడ్ నాట్ గో. డిడ్ నాట్ టెల్. నాన్న ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి తన ఉద్యోగాన్ని వ్యాకరణంలో పెట్టినవాడు దొరికాడన్నట్టు నావైపు చూశారు. అక్కా, నిజం చెబుతున్నాను, పట్టా ఇచ్చిన రోజు కూడా నాకు అంత గర్వం కలగలేదు.

అలా రోజూ సాయంత్రం మోకాలికి పట్టీ చుట్టుకుంటూ ఆ రోజు ఏం చేశారో ఇంగ్లీషులో చెప్పేవారు. ఐ వోక్ అప్. ఐ డ్రాంక్ టీ. మై సన్ స్లెప్ట్. ఐ వెంట్ టు మార్కెట్. ఐ కేమ్ బ్యాక్. మై సన్ స్లెప్ట్. వ్యాకరణం ప్రకారం తప్పు పట్టడానికి ఏమీ లేక ఊరుకున్నాను. అమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ అంతా వింటూ ఉండేది. అప్పుడప్పుడూ నాన్న తడుముకుంటే, అమ్మ వైపు నుంచి ఒక మాట వచ్చి పడేది. బాట్. సోల్డ్. గేవ్. నీకెలా వచ్చమ్మా అంటే, చెవులున్నాయి కదా, మూసుకుని తరగను కదా అనేది.

అమ్మ మాటొచ్చింది కాబట్టి మన ఇంట్లో పాత జోకు ఒకటి గుర్తు చేస్తాను, తర్వాత పనికొస్తుంది. తాతయ్య పాల వ్యానులో డబ్బాల మధ్య పెరిగిన మనిషి అయినా, అమ్మకి క్లచ్చు నేర్పేసరికి నాకు తల నెరిసిందర్రా అని నాన్న ఎవరొచ్చినా చెబుతారు కదా. అమ్మ స్కూల్లో ఆయన దగ్గరే నేర్చుకుంది, అందరికన్నా మొద్దు స్టూడెంటు, లైసెన్సు తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఎప్పుడో పెద్దత్త ఒక సంబంధం తెచ్చింది, వెళ్ళి చూస్తే ఆ మొద్దు స్టూడెంటే. పెద్దలు కుదిర్చిన పెళ్ళి, పైవాడు ఆడిన పరాచికం. మనం చిన్నప్పటినుంచీ విన్నది ఇదే కదా. అమ్మ ఎప్పుడూ కాదనలేదు. ఇప్పుడు చూడు, తెల్లారకుండానే లేచి, సందుల్లో ఆ బ్రెడ్డు వ్యానుని దారం సూదిలో ఎక్కించినట్టు ఎక్కిస్తుంది. అదంతా తన చలవే అని నాన్న నమ్మకం.

ఇక ఇంటర్వ్యూ రోజుకొస్తాను.

అమ్మే వ్యానులో తీసుకెళ్ళింది. నాన్న ఇస్త్రీ చొక్కా నలగకుండా ముందు నిటారుగా కూర్చున్నారు, నేను వెనక బ్రెడ్డు ట్రేల మధ్య, చదువుకున్నవాడికి దక్కాల్సిన గౌరవంతో కూర్చున్నాను. మమ్మల్ని గేటు దగ్గర దింపి, ఇంకో రెండు దుకాణాలకి వేసొస్తానని అమ్మ వెళ్ళిపోయింది. పాఠాలు చెప్పే గదిలో ఇంటర్వ్యూ. కిటికీ తెరిచే ఉంది, కిటికీ కింద బెంచీ ఉంది, బెంచీ మీద నేనున్నాను. పొంచి వినడం తప్పే, కానీ గురువుకి మినహాయింపు ఉంటుంది.

నాన్నకన్నా ముందు సైలెన్సర్ వెళ్ళాడు. వాడెవడంటే, స్కూల్లో కుర్ర మాస్టారు, నోరు మూతపడదు కాబట్టి నేర్చుకునేవాళ్ళంతా కలిసి ఆ పేరు పెట్టారు. కుళాయి తిప్పినట్టు ఇంగ్లీషు. ఐ డిడ్, ఐ సేవ్డ్, ఐ మేనేజ్డ్. వాడు చెప్పింది వింటే, ఊళ్ళో ప్రమాదాలన్నీ వాడిని చూసి దారి మార్చుకున్నట్టే ఉంది. నా పక్కన కూర్చున్న నాన్న కాలు ఒక్కో వాక్యానికీ నేలకేసి నొక్కుకుంటోంది. వాడు బయటికొచ్చి, ఆల్ ద బెస్ట్ మాస్టారూ అంటూ బెంచీ చివర కూలబడ్డాడు.

నాన్న లోపలికెళ్ళారు. ముగ్గురున్నారు. యజమానురాలు, లెక్కలు చూసే కుర్రాడొకడు, రిటైరైన పాత ఇన్‌స్పెక్టర్ తాతగారు ఒకాయన. మొదటి ప్రశ్న, ప్రమాదం తప్పిన సంఘటన ఒకటి చెప్పండి. నాన్న గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. లారీ ఈజ్ కమింగ్.

నేను తల పట్టుకున్నాను. లోపల నేల మీద టప్పుమని శబ్దం, నాన్న బ్రేకు తొక్కారు. మళ్ళీ మొదలుపెట్టారు. బాయ్ ఈజ్ నాట్ సీయింగ్. మళ్ళీ టప్పు. ఆ తర్వాత ఏ శబ్దమూ లేదు. అది ఎలాంటి నిశ్శబ్దమంటే అక్కా, సైలెన్సర్ కూడా నోరు మూసుకున్నాడు. నాకు ఆ సాయంత్రం వ్యానులో ఒంటరిగా కూర్చున్న నాన్న కనిపించారు. కిటికీలోంచి దూరి, పోనీ నన్ను అడగండి అనాలనిపించింది.

యజమానురాలు మంచినీళ్ళు తాగమంది. అప్పుడు ఇన్‌స్పెక్టర్ తాతగారు, సరే అది వదిలేయండి, మీ మొదటి స్టూడెంటు ఎవరు అని ఇంగ్లీషులో అడిగారు.

గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత నాన్న గొంతు వచ్చింది, కానీ అది లారీ చెప్పిన గొంతు కాదు. షి కేమ్ ఎర్లీ అన్నారు. ఇట్ వాజ్ మై ఫస్ట్ డే. ఐ వాజ్ అఫ్రెయిడ్.

నేను బెంచీ మీద నిటారుగా కూర్చున్నాను. ఒక్కో వాక్యం వెనకద్దంలో చూసి చూసి చెబుతున్నట్టు, తొందర లేకుండా వస్తోంది. ద ఇంజన్ స్టాపెడ్ మెనీ టైమ్స్. ఐ సెడ్, నో ప్రాబ్లెమ్. మొదట్లో అలాగే గడిచిందట. ఆ తర్వాత ఒకరోజు ఇరుకు సందులో ఎదురుగా సామాను బండి అడ్డంగా ఆగిపోయింది. తిరిగే చోటు లేదు, సందంతా రివర్సులో రావాలి. ఆమె ఒక చెయ్యి నా సీటు మీద వేసింది, తల వెనక్కి తిప్పింది, గీత గీసినట్టు పెద్ద రోడ్డు దాకా తెచ్చేసింది అన్నారు. ఐ ఫర్గాట్ ద బ్రేక్ అన్నారు. బ్రేకు తొక్కాలనే ఆయనకి గుర్తు రాలేదట. నాన్నకి. బ్రేకు. మరిచిపోయారట.

ఐ న్యూ, షి వాజ్ రెడీ. ఐ సెడ్, నాట్ రెడీ.

ఎందుకు అని తాతగారు అడిగారు. నాన్న చాలాసేపు వెతుక్కున్నారు. టెస్ట్ ఫినిష్, స్టూడెంట్ గో అని మళ్ళీ పాతదారిలోకి జారబోయి, ఆగి, సర్దుకుని అన్నారు, ఐ వాంటెడ్ వన్ మోర్ టుమారో.

ఇంకొక్క రేపు కావాలనిపించింది అని. అక్కా, నేను మూడేళ్ళు ఇంగ్లీషు సాహిత్యం చదివాను. అలాంటి వాక్యం ఏ పరీక్షలోనూ రాయలేదు.

అప్పుడే నా పక్కన ఖాళీ బ్రెడ్డు ట్రే ఒకటి నేల మీద ఆనింది. తలెత్తి చూస్తే అమ్మ. ఎప్పుడొచ్చిందో, ఎక్కడినుంచి విందో తెలియదు. ఉష్ అన్నట్టు వేలు చూపించి, గోడ మీద వేసిన రోడ్డు గుర్తుల వైపు తిరిగి నిలబడింది, రేపు తనకే పరీక్ష ఉన్నట్టు.

లోపల నాన్న, తర్వాత మా అక్కని పెళ్ళి మాటలకి పంపించాను అని చెప్పబోయి, ఐ సెండెడ్ మై సిస్టర్ అన్నారు. టప్పుమని కింద శబ్దమైంది. చూసుకుంటే అది నా కాలు.

అంటే పెద్దత్త పైవాడు పంపితే వెళ్ళలేదన్నమాట. నాన్న పంపితే వెళ్ళింది. ముప్పై ఏళ్ళ పరాచికం అంతటితో సరి.

యజమానురాలికి మాత్రం నవ్వు రాలేదు. ఈ ఉద్యోగమే ఎవరు రెడీయో తేల్చేది, రెడీ అయిన మనిషిని కాలేదని ఆపానని మీరే అంటున్నారు, మరి మిమ్మల్ని ఆ కుర్చీలో ఎలా కూర్చోబెట్టమంటారు అని సూటిగా అడిగింది. నాన్న తడబడలేదు. యస్, ఐ వాజ్ రాంగ్ అన్నారు. ఆ అదనపు పాఠాలకి ఐ డిడ్ నాట్ టేక్ ఫీజ్ అన్నారు. మళ్ళీ ఎవరినీ అలా ఆపలేదు, ఐ డిడ్ నాట్ డూ ఇట్ అగైన్ అన్నారు. ఎందుకని అని ఆవిడ పట్టు విడవకుండా అడిగింది.

ఐ మ్యారీడ్ హర్ అన్నారు నాన్న.

తాతగారు పగలబడి నవ్వారు. లెక్కల కుర్రాడు నవ్వాడు. ఆవిడా ఇంక ఆపుకోలేకపోయింది. బెంచీ మీద సైలెన్సర్ గాడు కూడా తొడ కొట్టుకుని నవ్వాడు. అమ్మ ఒక్కతే రోడ్డు గుర్తులు చదువుతోంది. నవ్వులాగాక తాతగారు, మరి ఆవిడకి ఈ సంగతి చెప్పారా అని అడిగారు. నాన్న గొంతు కొంచెం తగ్గించి చెప్పారు. నో సర్. ఐ డిడ్ నాట్ టెల్ హర్.

డిడ్ పక్కన టెల్, కాలు తీసేసి, మామూలుగా కూర్చుని ఉంది. పాఠం తప్పలేదు.

ఆయన బయటికొచ్చేసరికి అమ్మ వ్యానులో స్టీరింగ్ ముందుంది. నాన్న పక్కన ఎక్కి, నువ్వెప్పుడొచ్చావు అన్నారు. ఇప్పుడే అంది అమ్మ. ఎలా జరిగిందండీ అని అడిగింది. ఏదో, చెప్పాను అన్నారు. బండి కదిలింది. గేటు దాకా వెళ్ళాక అమ్మ ఆపి, రోడ్డు అటూ ఇటూ చూసి, ఎంతో మామూలుగా అడిగింది. ఇంతకీ నేను రెడీయేనా, మాస్టారూ.

మాస్టారూ అనడం మనమెప్పుడూ వినలేదు కదా. నాన్న చెవులు చూడాల్సింది, ఎర్ర లైటు పడినట్టు అయిపోయాయి. వెనకద్దంలో నావైపు చూశారు. నేను బ్రెడ్డు ట్రే అడ్డం పెట్టుకున్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు, ఇంకా కొన్నాళ్ళు పడుతుంది.

అమ్మ ఇంటికి దగ్గర దారి వదిలేసి చుట్టుదారిన పోనిచ్చింది. ఎవరూ అడగలేదు. నాన్న కాలు చూశాను. కదల్లేదు.

రెండు రోజులకి యజమానురాలు ఫోన్ చేసింది. స్పీకర్లోనే. పోస్టు మీదే అంది. సైలెన్సర్ ఇంగ్లీషు బాగుంది కానీ ఒక్క తప్పూ చేయని డ్రైవరు సంగతి మాకు నమ్మబుద్ధి కాలేదు, మీరు నెమ్మదిగా చెబుతారు, చెప్పింది అర్థమవుతుంది, స్టాప్ట్ అనే మాట మాత్రం నేర్చుకోండి అంది. ఇప్పుడు నాన్న మైదానంలో గొడుగు కింద కుర్చీ వేసుకుని రాజులా కూర్చుంటున్నారు. మోకాలికి పట్టీ కూడా తీసేశారు. సైలెన్సర్ ఆయనకి రెండు పూటలా టీ తెచ్చిస్తున్నాడు, మాటలతో సహా.

ఒప్పందం ప్రకారం నన్ను పరీక్షకి పంపమన్నాను. బండి తిప్పి చూపించమన్నారు. చూపించాను. నువ్వింకా రెడీ కాలేదురా అన్నారు. అంటే నామీద కూడా అంత ప్రేమేనా నాన్నా, ఇంకొక్క రేపు కావాలా అన్నాను. కాదురా, నీకు నిజంగానే రాదు అన్నారు.

బావగారిని అడిగానని చెప్పు. నువ్వు నవ్వుకున్నది చాలు, పనికి ఆలస్యమవుతుంది, లే.

ఇట్లు,
భూతకాలంలో పండితుడు, వర్తమానంలో నిరుద్యోగి, భవిష్యత్తులో లైసెన్సుదారు అయిన
నీ తమ్ముడు

తాజా కలం: ఉత్తరం మడత పెడుతుంటే అమ్మ వచ్చి లాక్కుంది. నిలబడే మొత్తం చదివింది. ఇంజను ఆగిపోయిందని రాసిన చోట ఫక్కున నవ్వింది, ఐ వాంటెడ్ వన్ మోర్ టుమారో దగ్గర కాసేపు ఆగింది. ఇంజను దగ్గర ఎందుకు నవ్వావే అంటే, తలుపు దగ్గరికి వేసి వచ్చి చెప్పింది.

తాతయ్య పాల వ్యానుని అమ్మ తన పద్దెనిమిదో ఏటి నుంచే నడుపుతోందట. ఆ రోజు స్కూలుకి వచ్చింది నేర్చుకోవడానికి కాదు, లైసెన్సు పరీక్షకి ఎక్కడ పేరిచ్చుకోవాలో అడగడానికి. లోపలికి రాగానే ఒక కుర్ర మాస్టారు ఎదురొచ్చాడట, మొదటి రోజు, మొదటి స్టూడెంటు, తాళం చెవి ఇవ్వబోయి కింద పడేసుకున్నాడు. నాకు వచ్చండీ అని చెబితే ఆ మనిషి మొహం ఏమైపోతుందో అనిపించి ఊరుకుందట. బండెక్కి కావాలనే క్లచ్చు టక్కున వదిలింది. నో ప్రాబ్లెమ్ అన్నాడట ఆయన. ఆ అనడం బాగుందట. మర్నాడూ వచ్చింది. ఆ ఇరుకు సందులో మాత్రం మొద్దులా నటించాలన్న సంగతి మరిచిపోయిందట.

మీ అక్కకి రాయి, మీ నాన్నకి మాత్రం చెప్పకు, ఇన్నేళ్ళుగా నాకు నేర్పానని మురిసిపోతున్నారు పాపం అంది. తర్వాత ఉల్లిపాయలు తరిగే బల్ల దగ్గరికి వెళ్ళి, నావైపు తిరక్కుండానే ఇంగ్లీషులో అంది. ద ఇంజన్ డిడ్ నాట్ స్టాప్. ఐ స్టాప్ట్ ద ఇంజన్.

చివర ఆ ట్ ఎంత బాగా పలికిందో, అక్కా.